బడి వాకిట్లో భువనగిరి కోట

ఆ కబురు నాకు మొదట మోసుకొచ్చింది మా సందు మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకునే పెద్దమ్మ. ఉతికిన దుప్పట్లు ఇద్దామని వెళ్తే, ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"ఏంది బిడ్డా, నీ బిడ్డ చీటి మీద సంతకం పెడ్తలేవంట?"

"ఏ చీటీ పెద్దమ్మా?" అన్నాను, తెలిసే.

"గదే, కోటకు పోయే చీటి. నువ్వొక్కదానివి పెట్టలేదని క్లాసు మొత్తం ఆగిందంట. మా మన్మరాలు ఏడ్సుకుంట ఒచ్చింది. పోతే అందరం పోతం, ఒక్కరు తక్కువైనా బస్సు కదలదని సారు చెప్పిండంట. గవర్నరు సంతకానికి గూడ గింత ఆలస్యం గాదు గదమ్మా!"

నేను దుప్పట్లు బండి మీద పెట్టి ఇంటికి వచ్చేశాను. చీటీ ఇవ్వకపోతే మా అమ్మాయి ఒక్కతే ఆగిపోతుందనుకున్నాను గానీ, ముప్పై రెండు మంది పిల్లలు ఆగిపోతారని నాకు తెలియదు. ఆ సంగతి మా అమ్మాయి నాతో అననేలేదు.

ఇది జరిగి పదేళ్ళు దాటింది. ఉప్పల్ రోడ్డు నడిమధ్యన మెట్రో స్తంభాలు లేస్తున్న రోజులు. ఏ ఇంటి కిటికీ తుడిచినా సాయంత్రానికల్లా మళ్ళీ దుమ్ము. మేముండేది నాచారంలో. మా ఆయనకు అక్కడే ఒక మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. అమ్మాయి మా వెనక సందులోని చిన్న ప్రైవేటు బడిలో ఏడో తరగతి. ఆ బడిలో సోషల్ చెప్పే సారు ఏటా ఏడో తరగతి పిల్లల్ని ఒక పాత కోటకో గుడికో తీసుకెళ్ళేవారు. ఆ ఏడు భువనగిరి కోట. ఉప్పల్ నుంచి వరంగల్ రోడ్డు పట్టుకుంటే గంటో గంటన్నరో. కొండంతా ఒకటే రాయి. ఆ రాతి మీద ఎప్పుడో చాళుక్యుల నాటి నుంచి ఉన్న కోట. ఆ రాయి ఎక్కాలన్న మాట దగ్గరే నా చెయ్యి ఆగిపోయింది. చీటీని దేవుడి గూట్లో, కుంకుమ భరిణె కింద పెట్టాను. స్వామే ఏదో ఒకటి చెప్తాడులే అనుకున్నాను. ఆయన మీద భారం వేశానని అనుకున్నాను గానీ, నిజానికి చీటీని ఆయన దగ్గర దాచేశాను.

నా భయం గురించి రెండు మాటలు చెప్పాలి. మా నాన్నగారు గోదావరి జిల్లా నుంచి వచ్చి మౌలాలిలో రైల్వే ఉద్యోగంలో చేరారు. నాకు ఆరో ఏడు నడుస్తుండగా కీళ్ళ జ్వరం వచ్చింది. జ్వరం పోయింది గానీ పోతూ పోతూ గుండె కవాటం ఒకదాన్ని పాడుచేసి పోయింది. రైల్వే దవాఖానాలో డాక్టరు, పరుగు వద్దు, మెట్లు వద్దు, మూడు వారాలకోసారి సూది తప్పదు అన్నారు. బడి రెండో అంతస్తులో ఉండేది. అంతే, నన్ను బడిలో వేయనే లేదు.

నాన్నగారే నాకు బడి అయ్యారు. డ్యూటీ దిగి వచ్చి, స్నానం చేసి, సంధ్యావందనం అయ్యాక పలక ముందు పెట్టేవారు. క్వార్టర్సు వెనక పోయే గూడ్సు బండ్ల పెట్టెలు లెక్కపెట్టించి ఎక్కాలు నేర్పారు. రైల్వే వాళ్ళు పారేసిన గళ్ళ కాగితాల మీద లెక్కలు, పటాలు నేర్పారు. మా వాకిట్లోంచి చూస్తే మౌలాలి గుట్ట కనిపించేది. "ఆ మెట్లు ఎన్నుంటాయి నాన్నా?" అని అడిగితే, ఒక ఆదివారం ఆయన ఎక్కి, లెక్కపెట్టి, దిగివచ్చి నాకు చెప్పారు. బడి పిల్లలు బస్సుల్లో వచ్చి, రెండు వరుసలు కట్టి ఆ గుట్ట ఎక్కుతుంటే నేను అరుగు మీద కూర్చుని చూసేదాన్ని. ఏడవలేదు. నాకు నేర్పేవారొకరున్నారు కదా అని దేవుడికి దణ్ణం పెట్టుకునేదాన్ని. ఇప్పటికీ పెట్టుకుంటాను. కానీ మెట్లంటే మనిషికి ఏదో అయిపోతుందన్న బెదురు మాత్రం నా ఒంట్లోనే ఉండిపోయింది. నాకేమవుతుందోనని కాదు, నావాళ్ళు ఎక్కితే వాళ్ళకేమవుతుందోనని.

"నీ జబ్బు దానికి లేదు కదా," అన్నారు మా ఆయన ఒకే ఒక్కసారి, క్యారియరు తీసుకుంటూ. అని షిఫ్టుకు వెళ్ళిపోయారు. అమ్మాయి రెండు రోజులు అడిగింది. మూడో రోజు అడగడం మానేసింది. అన్నం పెడితే తిన్నది, జడ వేస్తే వేయించుకుంది. ఏ మాటకైనా "ఊఁ" అంది. అంతకు ముందెప్పుడూ అది నాతో అలా లేదు.

పెద్దమ్మ మాట అన్న సాయంత్రమే సారు మా ఇంటికి వచ్చారు. పొడుగ్గా, సన్నగా, పాత స్కూటరు మీద. జనగామ వైపు మనిషని అమ్మాయి అంతకుముందు చెప్పింది. ఏం అడుగుతారో, నేనేం జవాబు చెప్పాలో లోపల కూడబలుక్కుంటూ గేటు తీశాను. ఆయన నన్ను చూడలేదు. గేటు ముందు కూర్చుండిపోయారు, గొంతుక్కూర్చుని, పొద్దున నేను వేసిన ముగ్గు దగ్గర. శుక్రవారం కావడంతో కాస్త పెద్దదే వేశాను.

"నమస్తే అమ్మా. ఇది మీరే ఏసిన్రా?"

"అవునండీ."

"చుక్కలు గింత సమానంగ ఎట్ల పడ్తయమ్మా? కొలుస్తరా?"

"కొలవనండీ. చెయ్యే కొలత."

ఆయన జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన గళ్ళ కాగితం తీసి నా చేతికిచ్చారు. దాని మీద పెన్సిలుతో గీసిన కోట. గుడ్డు ఆకారంలో కొండ అంచు, చుట్టూ గోడ, రెండు ద్వారాలు, నీటి గుంటలు, పైన రాజుగారి ఇల్లు.

"భువనగిరి నక్ష. ఎక్కి దిగి నేనే గీసిన. కోటకు పోకముందు పిల్లలు గీ నక్ష మీద నడవాలె. గది నా పద్ధతి. కాళ్ళకు ముందు తెలిస్తే కండ్లకు సక్కగ కనవడ్తది. పోయిన సారి వేరే కోటకు నేనే గ్రౌండుల సున్నం పోసిన. కోట లెక్క రాలే, పకోడి లెక్క ఒచ్చింది. ఏడాది మొత్తం నన్ను పకోడి సారు అన్నరు."

నవ్వు ఆపుకోలేకపోయాను. ఆ వెంటనే సిగ్గనిపించి, "సార్, ఆ చీటీ సంగతి..." అన్నాను.

"చీటీ సంగతి నేను అడగలే గదమ్మా. రేపు పొద్దుగాల ఒచ్చి జర ముగ్గేసి పోండ్రి. పోవుడు పోకపోవుడు తర్వాత. కోట ఎట్లుంటదో మీ బిడ్డకైనా తెల్వాలె గద."

"నా ఒక్కదాని కోసం మిగతా పిల్లల్ని ఆపకండి సార్. పాపం, వాళ్ళేం చేశారు? తీసుకెళ్ళండి."

"అందరంటే అందరే అమ్మా," అంటూ లేచి, చొక్కాకు అంటిన ముగ్గుపిండి దులుపుకున్నారు. "చిన్నగున్నప్పుడు నన్నొకసారి ఇడిసిపెట్టి పోయిన్రు." స్కూటరు కిక్కు కొట్టి వెళ్ళిపోయారు. ఎందుకు వదిలేసి వెళ్ళారో నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

మర్నాడు శనివారం. స్నానం, దీపం అయ్యాక రెండు సంచుల ముగ్గుపిండి, ఒక పొట్లం ఎర్రమట్టి పట్టుకుని బడికి వెళ్ళాను. రోజూ అమ్మాయిని గేటు దాకా దింపేదాన్ని. తల్లిదండ్రుల మీటింగులకు మా ఆయన వెళ్ళేవారు. బడి గేటు దాటి లోపలికి వెళ్ళడం, ముప్పై ఆరేళ్ళ నా జీవితంలో, అదే మొదటిసారి. గడపను ముట్టుకుని కళ్ళకద్దుకున్నాను. అక్కడున్న ఆయా, "గుడి గాదమ్మా, బడి," అని నవ్వింది. నేనూ నవ్వాను.

సారు కాగితం మీది ప్రతి గడీ నాకు చుక్క అయింది. గళ్ళ కాగితం మీదే కదా నేను చదువుకున్నది. మడమకు బొటనవేలు తాకించి అడుగులు వేస్తూ, అడుగుకో చుక్క పెట్టుకుంటూ మైదానం అంతా తిరిగాను. ఎండ ఎక్కకముందే చుక్కలు అయ్యాయి. ఆ తరువాత గీతలు. ఆయాసం వస్తే వేపచెట్టు కింద కూర్చుని లేచాను. గోడలకు తెల్ల ముగ్గు, ఎక్కే దారికి ఎర్రమట్టి, నీటి గుంటల్లో వేపాకులు. నిలబడి చూసుకుంటే నాకే ముచ్చటేసింది. ఒక మనిషి పడుకోవడానికి సరిపోయేంత రాజుగారి ఇల్లు, దాని చుట్టూ ముప్పై రెండు మంది తిరగగలిగే కోట.

సారు విజిలు ఊదారు. పిల్లలు వరండాలోంచి రెండు వరుసల్లో వచ్చి కోట ముందు నిలబడ్డారు. నిలబడ్డవాళ్ళు నిలబడ్డట్టే ఉండిపోయారు.

"సార్, లోపలికి ఎట్ల పోవాలె?"

"సార్, దర్వాజ లేదు!"

"నిచ్చెన తెండ్రిరా!"

"సొరంగం తవ్వుదాం, తియ్యిరా స్కేలు!"

"గందుకే గీ కోటను ఎవ్వడూ గెలవలే సార్!"

నేను కాగితం చూశాను, నేల చూశాను. కాగితంలో రెండు ద్వారాల దగ్గరా సారు గీత తెంపి ఖాళీ వదిలారు. నేను రెండు చోట్లా గీత కలిపేశాను. తెలిసి కాదు. ముగ్గు గీత తెరిచి వదలకూడదు, తెరిచిన గీతలోంచి లక్ష్మి వెళ్ళిపోతుంది, కీడు లోపలికొస్తుందని మా అమ్మ చెయ్యి పట్టుకుని నేర్పింది. ముప్పై ఏళ్ళుగా ఏ ముగ్గూ నేను తెరిచి వదల్లేదు. నా వేళ్ళు నన్ను అడగకుండానే కోటను మూసేశాయి.

పిల్లల మధ్య మా అమ్మాయి తల దించుకుని నిలబడి ఉంది. దాని చెవులు ఎర్రబడటం అంత దూరం నుంచి కూడా కనబడింది.

"ముగ్గు తెరిచి వదలకూడదండీ... అలవాటులో..." అన్నాను.

సారు నవ్వలేదు. పిల్లల వైపు తిరిగారు. "ఏం నవ్వుతున్నర్రా? రాజు గూడ మొదలు గోడనే కట్టిండు. భయం ఉన్నోడే కోట కడ్తడు. లేనోడు గుడిసెల పండుకుంటడు." ఆ తరువాత నా దగ్గరకొచ్చి మెల్లగా అన్నారు: "అమ్మా, మీరే తెరవండ్రి. మీరేసింది మేం తొక్కుడు మంచిగుండదు."

నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. స్వామీ తప్పయితే మన్నించు అనుకుని, రెండడుగుల మేర గీతను అరచేత్తో తుడిచేశాను. ఊరికే వదలడానికి మనసొప్పక ఆ చోట అడ్డంగా రెండు గీతలు గీసి గడప వేశాను, గడప మీద చిన్న పువ్వు. లోపల రెండో ద్వారానికీ అలాగే. గడప ఉంటే అది తెరిచి వదిలేసింది కాదు, వాకిలి. వాకిలి తెరిచి ఉంటే తప్పు లేదు.

ఇక చూడాలి ఆ గంట! సారు అందరికంటే బొద్దుగా ఉన్న పిల్లవాణ్ణి పిలిచి, "నువ్వు ఏనుగు. ఉరికొచ్చి తలుపు గుద్దు," అన్నారు. వాడు చెయ్యి తొండంలా పెట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ద్వారం దాటగానే దారి చటుక్కున పక్కకు తిరిగింది. వాడు తిరగలేక గోడ మీదుగా బయటపడ్డాడు. "సచ్చింది ఏనుగు!" అని అరిచారందరూ. కోట వాకిలి దాటాక దారి ఎందుకు వంకర పెడతారో ముప్పై రెండు మందికీ ఒక్క నిమిషంలో తెలిసిపోయింది. నాకూ అప్పుడే తెలిసింది. మా అమ్మాయి అందరికంటే చివర లోపలికి వెళ్ళింది. గడప మీద పువ్వు తొక్కకుండా దాటి, ఎర్రమట్టి దారి వెంట నడిచి, రాజుగారి ఇంట్లో నిలబడి నా వైపు చూసింది. నవ్వలేదు. కానీ చూసింది.

ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుని, దేవుడి గూట్లోంచి చీటీ తీసి సంతకం పెట్టాను.

సోమవారం సాయంత్రం అమ్మాయి ఇంకో చీటీ తెచ్చింది. "సార్ నీ చీటీ అడుగుతున్నారమ్మా."

"ఇచ్చాను కదే."

"అది నాది. ఇది నీది. ముప్పై రెండు మందీ, పీటీ మేడమూ, ముగ్గేసినమ్మా... అందరంటే అందరే అన్నారు."

"పిచ్చా ఏమన్నానా! నేను ఎక్కగలనా?"

"ఆగి ఆగి ఎక్కచ్చంట. సార్ చెప్పిండు." బడి మాట, ఇంటి మాట కలిసిపోయేవి దాని నోట్లో.

నాకు సూది వేసే డాక్టరమ్మను అడిగాను. ఈ మధ్య బాగానే ఉంది, మెల్లగా నడువు, ఆయాసం వస్తే కూర్చో, పంతానికి పోకు అంది. ఇక తప్పించుకోవడానికి సాకు మిగల్లేదు. "మరి నా చీటీ మీద సంతకం ఎవరు పెడతారే?" అంటే, మా అమ్మాయి పెన్ను తీసి గుండ్రటి అక్షరాలతో రాసింది: మా అమ్మను కోటకు పంపుటకు నాకు సమ్మతమే. కింద సంతకం. ఆ కాగితం నా దగ్గర ఇప్పటికీ ఉంది.

బస్సు పొద్దున్నే బయల్దేరింది. ఉప్పల్ చౌరస్తా దాటేసరికే సగం మంది డబ్బాలు తెరిచేశారు. బస్సంతా పులిహోర, ఆలు కూర వాసన. ఘట్‌కేసర్, బీబీనగర్ దాటాక దూరంగా కొండ కనబడింది, బోర్లించిన పెద్ద మూకుడులా, చెట్టూ చేమా లేకుండా. "గంత పెద్దగున్నదేందిరా!" అన్నాడొకడు. నేను కళ్ళు మూసుకుని ఆంజనేయస్వామిని తలుచుకున్నాను.

మొదటి ద్వారం దగ్గర ఒక విచిత్రం జరిగింది. పిల్లలెవరూ ఆగలేదు, చుట్టూ చూడలేదు. "ఇప్పుడు తిరుగుతది సూడు!" అంటూ, మలుపు కనబడకముందే తిరిగారు. "ఇక్కడ ఏనుగు సచ్చింది!" అని ఏనుగు పిల్లవాడు గోడకు దణ్ణం పెట్టాడు. నా వేళ్ళ మధ్య నుంచి జారిన ఎర్రటి దారి అక్కడ రాతిలో ఉంది. ఒక్కో అడుగూ నాకు తెలుసు. ఎన్నడూ రాని చోటికి వచ్చి, ఇల్లు గుర్తుపట్టినట్టు గుర్తుపట్టాను.

నా వల్ల అందరూ మెల్లగా ఎక్కాల్సి వచ్చింది. ఇరవై మెట్లకోసారి నేను కూర్చునేదాన్ని. నేను కూర్చున్న చోటల్లా సారు ఒక పాఠం తీసేవారు. మెట్ల మీద ఉలి దెబ్బలు వేళ్ళతో తడమమన్నారు. వాన నీరు గుంటలోకి జారడానికి రాతిలో చెక్కిన సన్నటి కాలువ చూపించి, ఒక పిల్లతో దాంట్లో సీసా నీళ్ళు పోయించారు. నీళ్ళు ఎటు పోతాయా అని ముప్పై రెండు తలలు ఒక్కచోట వంగాయి. మధ్యలో ఇంకేదో బడి పిల్లలు మమ్మల్ని తోసుకుంటూ పైకి పరుగెత్తారు. "జల్ది ఎక్కుండ్రి ముసలోళ్ళు!" అని వెక్కిరించారు. మావాడొకడు, "వాళ్ళు కోట జూస్తలేరురా, మెట్లు జూస్తున్నరు," అన్నాడు. కానీ మా అమ్మాయి మాత్రం అందరికంటే ముందు, నా వైపు తిరగకుండా నడుస్తోంది. ఇంకో బడి పిల్లల మాట దానికి తగిలింది. నాకు అర్థమైంది.

రెండో ద్వారం దాటి కొంత దూరం వెళ్ళాక ఒక గోడ నీడలో కూర్చున్నాను. ఈసారి లేవలేకపోయాను. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. పైకి చూస్తే ఇంకా నున్నటి రాతి వాలు, దాని పైన ఆకాశం. పంతానికి పోకు అన్న డాక్టరమ్మ మాట గుర్తొచ్చింది.

"సార్, నేనిక్కడే కూర్చుంటాను. పిల్లల్ని తీసుకెళ్ళండి."

సారు పిల్లల వైపు చూశారు. పిల్లలే ఒకరి తరువాత ఒకరు మెట్ల మీద కూర్చున్నారు.

"లేవండి నాన్నా, వెళ్ళండి, వెళ్ళి చూసి రండి."

"రూలు గదాంటీ," అంది పెద్దమ్మ మనవరాలు. అంది గానీ దాని కళ్ళు పైనున్నాయి. అందరి కళ్ళూ పైనే. రెండింటికల్లా దిగాలి, బస్సు వెళ్ళిపోవాలి. ఇంత దూరం వచ్చి, ముందుగా నేల మీది కోటలో నడిచి, నా మూలంగా ముప్పై రెండు మంది పై కోట చూడకుండా దిగిపోతారు. సంతకం పెట్టనినాడే నయం, ఇంత దగ్గర దాకా తెచ్చి ఆపలేదు కదా అనిపించింది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

మా అమ్మాయి పైనుంచి దిగివచ్చింది. నా ముందు కాదు, సారు ముందు నిలబడింది.

"సార్, అందరం పోవాలంటే అందరం ఒక్కసారే పైనుండాల్నా?"

సారు దాన్ని ఒక్క క్షణం చూశారు. "రూలుల గట్ల రాయలే."

"మరి వరుస కడదాం సార్. మా అమ్మ దగ్గర్నుంచి పై దాకా. పది అడుగులకొకరు. పైనున్నోళ్ళు చూసి, దిగి, అమ్మకు చెప్పి కిందనే ఉంటారు. మిగిలినోళ్ళు ఒక్కో చోటు పైకి జరుగుతారు. అప్పుడు అందరం కోటలోనే ఉన్నట్టు గద. మా అమ్మతోని సహా."

ఎవరో చప్పట్లు కొట్టారు. పీటీ మేడం విజిలు తీసుకుని పైకి వెళ్ళి అక్కడ నిలబడింది. మధ్యలో వాలు నున్నగా ఉండి, పట్టుకోవడానికి ఏమీ లేని చోటొకటి ఉంది. సారు అక్కడ చెప్పులు విప్పి, ఉలితో కొట్టిన గాట్లలో పాదాలు పెట్టి, రెండు చేతులూ చాపి నిలబడ్డారు. వరుస కదిలింది. ఎక్కే పిల్లను ఒక చేత్తో పైకి, దిగే పిల్లను ఇంకో చేత్తో కిందికి. ఆ ఎండలో, గంటకు పైగా.

ఒక్కొక్కరే వచ్చి నా ముందు కూర్చుని, రొప్పుతూ చెప్పారు.

"ఆంటీ, పైన గాలి మస్తుంది. నా రిబ్బన్ ఎగిరిపోయింది. ఇయ్యాల్లకు గది వరంగల్ ల ఉంటది."

"రాజు ఇంటికి కప్పు లేదాంటీ. వానొస్తే ఎట్ల పండుకుండో పాపం."

"నీళ్ళ గుంట ఉంది. మీరు ఏపాకులేసిన కాడనే ఉంది! కప్పలు గూడ ఉన్నయి. గవి మీరెయ్యలే."

"గూడ్సు బండి పోతుందాంటీ, జెర్రి లెక్క."

"ఎన్ని పెట్టెలు నాన్నా?" అన్నాను.

వాడు తల గోక్కున్నాడు. "లెక్కవెట్టలే. మళ్ళ పోనా?"

"వద్దు వద్దు. ఉప్పల్ కనబడిందా?"

"ఏడ కనవడ్తది! స్టేడియం లైట్లు గూడ కనవడ్తలేవు."

ముప్పై ఒక్క మంది చెప్పిన కోటను విన్నాను. ఒకరు చెప్పింది ఒకరు చెప్పలేదు. మా అమ్మాయి అందరికంటే చివర దిగింది. వచ్చి నా పక్కన, నా భుజానికి ఆనుకుని కూర్చుంది. కోట గురించి ఏమీ చెప్పలేదు.

"పైనుంచి నువ్వు కనబడ్డావమ్మా."

"ఎలా ఉన్నాను?"

"చిన్నగా. ముఖం తెలీలేదు. నీ చీర రంగు తెలిసింది."

నేను దాని తల నిమురుతూ ఉండిపోయాను. ఎండకు జుట్టు కాలిపోతోంది. దేవుడా, నీకు ఎన్ని దణ్ణాలు పెట్టను అనుకున్నాను.

తిరుగు ప్రయాణంలో బీబీనగర్ దగ్గర సారు లేచి పిల్లల్ని లెక్కపెట్టారు. "అందరం పోయినమా?"

"పోయినం సార్!"

"అందరం పైకెక్కినమా?"

"అమ్మ గూడ ఎక్కింది సార్, లెక్క ప్రకారం!" అని ఏనుగు పిల్లవాడు.

అప్పుడు మా అమ్మాయి సీటు మీద మోకాళ్ళ మీద లేచి వెనక్కి తిరిగింది. "సార్, మీరు?"

అప్పటిదాకా ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. ఆయన ఆ వాలు దగ్గర నిలబడ్డవారు నిలబడినట్టే ఉండి, చివరి పిల్ల దిగాక మాతో పాటు కిందికి వచ్చేశారు. పైకి వెళ్ళనే లేదు.

"నేను కావలోన్ని గదరా," అన్నారు సారు. "కావలోడు పైకెక్కి సూసుకుంట కూసుంటే దర్వాజ ఎవడు సూస్తడు?"

"అయ్యన్నీ నడవయ్! సార్ రూలు తప్పిండు!"

"గుంజీళ్ళు! సార్ కు గుంజీళ్ళు!"

ఊగుతున్న బస్సులో, ఒక చేత్తో ఒక చెవి పట్టుకుని, రెండో చెయ్యి రాడ్డు మీంచి తియ్యలేక, సారు అయిదు గుంజీళ్ళు తీశారు. పిల్లలు గట్టిగా లెక్కపెట్టారు. నవ్వీ నవ్వీ నాకు మళ్ళీ ఆయాసం వచ్చింది. రాడ్డు పట్టుకున్న ఆయన ముంజేయి అప్పుడు చూశాను. మణికట్టు దగ్గర నుంచి మోచేతి దాకా పిల్లల గోళ్ళ గాట్లు, ఎర్రగా.

ఆ మరుసటి ఏడాదికి ఆ బడి మూతపడింది. పిల్లలు తలో బడికి వెళ్ళారు. బడి స్థలంలో ఇప్పుడు అయిదంతస్తుల అపార్ట్‌మెంటు. సారు జనగామ వైపు వెళ్ళిపోయారని కొందరు, ఇంకెక్కడో చెప్తున్నారని కొందరు అన్నారు. నేను ఎవరెవరినో అడిగాను. తెలియలేదు. మా అమ్మాయి ఇప్పుడు ఉప్పల్‌లో మెట్రో ఎక్కి ఉద్యోగానికి వెళ్తోంది. అది ఇప్పుడెక్కడికి వెళ్తానన్నా నేను ఆపను. భయం పోలేదు. ఆపను, అంతే. అందుకు ఎవరికి కృతజ్ఞత చెప్పుకోవాలో నాకు తెలుసు గానీ, ఆయన ఎక్కడున్నారో తెలియదు.

అందుకని ఇది చదివిన మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. మీరు ఎప్పుడైనా పిల్లలతో భువనగిరి కొండ ఎక్కితే, రెండో ద్వారం దాటాక పట్టుకోవడానికి ఏమీ లేని ఒక నున్నటి వాలు వస్తుంది. ఇప్పుడు అక్కడ కమ్మీలు వేసి ఉంటారేమో. అక్కడ మీ పిల్లల చెయ్యి పట్టుకున్నప్పుడు, అందరినీ పైకి పంపి తాను అక్కడే నిలబడిపోయిన ఆ సోషల్ సారును ఒక్కసారి తలుచుకోండి. పేరు తెలియనక్కర్లేదు. తలుచుకుంటే చాలు.